షాహీన్ చెంచా

మా ఊరు ఐన్ జౌజ్‌లో తూటాల కార్ఖానా పెట్టి ఆ ఏడాదికి డెబ్భై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంలో ఒక చిన్న పుస్తకం వేయాలని మేమంతా ఖవాజా అని పిలిచే యజమాని నయీమ్ ఖత్తార్ అనుకున్నాడు. రాసే పని నాకు అప్పగించాడు. నేను అక్కడ తూకం గదిలో పని చేసేదాన్ని. చదివింది మా ఊరి బడిలోనే. నా దస్తూరి బాగుంటుంది, ఎక్కువ మాట్లాడను. ఆ రెండూ చూసే నన్ను ఎంచుకున్నాడనుకుంటాను.

డీజిల్ ఉన్నంతసేపే జనరేటరు నడిచేది. అది ఆగగానే యంత్రాలూ ఆగేవి. అప్పుడు నేను కాగితాలు పట్టుకుని ఆయన గదికి వెళ్ళేదాన్ని. ఆయన కిటికీ దగ్గర కూర్చుని చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని.

కార్ఖానా పెట్టింది నయీమ్ తండ్రి షాహీన్. పంతొమ్మిది వందల యాభై రెండులో, మూతబడిన పట్టు మిల్లు కొని అందులో మొదలుపెట్టాడు. పట్టు తీసే ఆడవాళ్ళు కూర్చున్న పొడుగాటి బల్లల మీదే కాగితపు గొట్టాలు చుట్టించాడు. మిల్లు పొగగొట్టం పైకెక్కి, కరిగిన సీసాన్ని జల్లెడలోంచి కింద నీళ్ళతొట్టిలోకి వదిలేవాడు. పడేలోపు సీసం గుండ్రటి చిన్న గుళ్ళుగా మారేది. పెట్టె మీద తన పేరుకు తగ్గట్టు డేగ బొమ్మ వేయించాడు. పూరేడు పిట్టలకూ కౌజులకూ వేటకు వెళ్ళేవాళ్ళు జహ్లే పట్నం నుంచి, రాజధాని బేరూత్ నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవారు.

తూటాలో మందు ఎంత పడాలో అదే దాని ప్రాణం. షాహీన్ ఒక ఇత్తడి చెంచాను తనే అరగదీసి, త్రాసులో తూచి, మళ్ళీ అరగదీసి, సరైన కొలతకు తెచ్చాడు. దాన్ని చూసి మరో మూడు చేయించాడు. నలుగురు ఆడవాళ్ళు ఆ నాలుగు చెంచాలతో మందు నింపేవారు. పెట్టెకు పాతిక తూటాలు. ప్రతి పెట్టెలో నింపినామె నంబరు రాసిన చీటీ ఒకటి ఉండేది. దుకాణంలో వేటగాళ్ళు పెట్టె చేతిలోకి తీసుకుని, "షాహీన్ చెంచాదేనా?" అని అడిగేవారట. ఆ చెంచాతో నింపిన తూటాకు పిట్ట తప్పదని ఒక నమ్మకం.

ఇవన్నీ నయీమ్ సంతోషంగానే చెప్పాడు. ఎనభై ఆరు దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు.

"ఇలా రాయి. ఆ ఏడాది నింపే పనిలో ఉన్న ఒకామె పొరపాటున ఒక తూటాలో రెండు చెంచాల మందు వేసింది. తుపాకీ పేలి ఒకతనికి చెయ్యి పోయింది. వైద్యం కార్ఖానాయే చేయించింది. ఆమెను పనిలోంచి తియ్యలేదు. అంతే."

అప్పుడే అద్లా పిన్ని కాఫీ పళ్ళెంతో లోపలికొచ్చింది. ఆ 'ఒకామె' ఆమే. అప్పట్లో నాలుగో నంబరు. ఇప్పుడు అరవై ఏళ్ళు. పేలుడు తర్వాత మందు జోలికి పోలేదు. గదులు తుడుస్తుంది, కాఫీ కాస్తుంది.

"నా పేరు కూడా రాయించండి ఖవాజా," అంది కప్పు దించుతూ. "ఊరందరికీ తెలిసిందే. పేరు దాస్తే, ఎవత్తో కొత్తగా వచ్చిన పిల్ల చేసిందనుకుంటారు."

"వద్దులే అద్లా."

"వేరేవాళ్ళయితే ఆరోజే గెంటేసేవాళ్ళు. మీరు కాబట్టి తిండి పెట్టారు. అదీ రాయించండి."

నయీమ్ కప్పు అందుకుని కిటికీవైపు తిరిగాడు. నేను కలం ఆపేశాను.

చెయ్యి పోయినతను బుత్రోస్. రాళ్ళు చెక్కేవాడు. ఉలి పట్టే ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. తర్వాత ద్రాక్షతోటలకు కాపలాగా కుదిరి, కొండ మీద రెండు గదుల ఇంట్లో ఉండిపోయాడు. అద్లా పిన్ని ముప్ఫై ఆరేళ్ళుగా ప్రతి శనివారం సాజ్ అనే బోర్లించిన ఇనప పెనం మీద పల్చటి రొట్టెలు కాల్చి, బుట్టలో పెట్టుకుని, కొండెక్కి ఆయనకు ఇచ్చి వస్తోంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. రెండు సంబంధాలు వచ్చాయట. రెండుసార్లూ, 'ఆ చేత్తో ఎవరికి వండుతాను' అందట. మా అమ్మ చెప్పింది.

ఒకటి రెండు శనివారాలు నేనూ ఆమెతో కొండెక్కాను. బుత్రోస్ రొట్టెను వెలుగుకెత్తి చూసేవాడు.

"ఇదేంటే అద్లా, రొట్టెకు బెజ్జాలు? నాకు కనిపించని పిట్టలు దీన్లోంచి కనిపిస్తున్నాయ్."

"తినే నోటికి బెజ్జాలతో పనేంటి? వద్దంటే మేకలకు పెడతా."

"మేకలు వద్దన్నాయనే నాకు తెచ్చావు."

ఆమె నవ్వేది కాదు. ఆయన ముంజేతి వైపు చూడకుండా రొట్టెలు సర్ది, లేచి వచ్చేసేది.

చేత్తో తూటా ఎలా నింపేవారో పుస్తకంలో ఒక పేజీ ఉండాలని నయీమ్ అన్నాడు. పాత చేతి యంత్రం ఒకటి మూల గదిలో బూజుపట్టి ఉంది. దాన్ని తుడిచి, గాజు బీరువాలోంచి షాహీన్ చెంచా తెచ్చుకున్నాను. నేర్పమని అద్లా పిన్నిని అడిగితే గడప దాటి లోపలికి రానంది. బయటే స్టూలు వేసుకుని కూర్చుని చెప్పింది.

"గొట్టం నిలబెట్టు. చెంచా ముంచు. పైన వేలితో చదును చెయ్యి, నొక్కకు. గొట్టంలో పొయ్యి. ఇప్పుడు ఉన్నిబిళ్ళ. కర్రతో దించు. ఆగు, అంత గట్టిగా కాదు, అదేమన్నా నీ మొగుడా పొడవడానికి."

"నాకింకా పెళ్ళి కాలేదు పిన్నీ."

"అందుకే చేతకాలేదు. ఇప్పుడు గుళ్ళు పొయ్యి. పైన అట్టబిళ్ళ. పిడి తిప్పు, మూతి మడుచుకుంటుంది."

పిడి తిప్పాను. గొట్టం అంచు లోపలికి గుండ్రంగా చుట్టుకుని బిగిసింది. మొదటి తూటా వంకరగా వచ్చింది, నాలుగోది బాగా వచ్చింది. ఆమె దూరం నుంచే చూసి తల ఊపి, కప్పులు కడగడానికి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక ఇంకో గొట్టం నిలబెట్టాను. పొరపాటు ఎలా జరిగిందో కూడా చూస్తే ఆ పేజీ సరిగ్గా రాయొచ్చనిపించింది, అంతే. రెండు చెంచాల మందు పోశాను. బిళ్ళ దించాను. గుళ్ళు పోస్తే గొట్టం అంచు దాటి కుప్పగా నిలిచి, నాలుగు బల్ల మీద దొర్లాయి. అట్టబిళ్ళ పెట్టడానికి చోటే లేదు. పిడి తిప్పితే మడవడానికి అంచు లేదు.

మళ్ళీ చేశాను. బిళ్ళను బలమంతా పెట్టి నొక్కాను. మూడోసారి కూడా గుళ్ళు పొంగి పడ్డాయి.

రెండు చెంచాలు పడితే తూటా మూత పడదు. మూత పడనిది పెట్టెలోకి చేరదు. ఇది తెలుసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ముప్ఫై ఆరేళ్ళలో అద్లా పిన్నికి తెలియకపోవడానికి కారణం, ఆరోజు తర్వాత ఆమె ఒక్క గొట్టం కూడా ముట్టుకోలేదు. ఆ మరుసటేడే నింపే యంత్రం వచ్చింది. చేత్తో నింపే అవసరం ఇంకెవరికీ రాలేదు.

మరి తుపాకీ ఎందుకు పేలింది?

గాజు బీరువాలో ఇంకో చెంచా ఉంది. దాన్ని అంతవరకూ ఆ పాత నాలుగింటిలో ఒకటనుకున్నాను. పక్కపక్కన పెట్టి చూస్తే దాని గుంట లోతు తక్కువ. షాహీన్ చెంచా నిండా మందు తీసి దాంట్లోకి ఒంపితే మూడో వంతు మిగిలిపోయింది. దాని కాడ మీద కంచరి చెక్కిన నెల, సంవత్సరం ఉన్నాయి: నవంబరు, ఎనభై ఆరు. బుత్రోస్ తుపాకీ పేలింది అక్టోబరు ఆఖరి వారంలో.

పుస్తకం కోసం నయీమ్ నాకిచ్చిన పాత ఉత్తరాల కట్ట విప్పాను. అదే వారంలో దుకాణాలకు రాసిన ఉత్తరం నకలు దొరికింది. 'పెట్టెలకు తేమ తగిలింది, సెప్టెంబరు తర్వాత అందినవన్నీ తిప్పి పంపండి' అని ఉంది. కింద చీటీల నంబర్లు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. తప్పు నాలుగో నంబరుదే అయితే, మిగతా ముగ్గురి పెట్టెలు ఎందుకు వెనక్కి రప్పించినట్టు?

మర్నాడు నయీమ్ గదికి వెళ్ళాను. రెండు చెంచాలూ, మూత పడని తూటా, ఆ ఉత్తరం బల్ల మీద వరసగా పెట్టాను.

ఆయన వాటిని ఒక్కొక్కటే చూశాడు. తర్వాత లేచి తలుపు వేశాడు.

"అంతర్యుద్ధంలో రేవు మూసేశారు," అన్నాడు. "మా మందు రావడం ఆగిపోయింది. వేరేచోటి నుంచి నాలుగు పీపాలు తెప్పించాను. చూపుకు ఒకటే, అదే బూడిద రంగు. చేత్తో ఎత్తితే బరువు తెలిసింది. ఇచ్చినవాడు చెప్పాడు కూడా. ఇది చిక్కటిది, చెంచాతో పొయ్యొద్దు, తూచి పొయ్యమని."

"మరి?"

"నాన్న మంచంలో ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఒకటే అడిగేవాడు. 'నా చెంచాతోనేగా?' అని. ఆ చెంచాను త్రాసులో పెడితే ఆయన్నే త్రాసులో పెట్టినట్టుండేది. నువ్వు చిన్నదానివి, నీకు అర్థం కాదు. ఇక్కడ ఎవరూ ఆ చెంచాను తూచలేదు. దేన్నైనా ఆ చెంచాతోనే తూచేవాళ్ళం."

కొత్త మందు తూటాలు భుజాన్ని గట్టిగా తన్నుతున్నాయని దుకాణాల నుంచి మాట వచ్చిందట. మంచి తుపాకులు తట్టుకున్నాయి. బుత్రోస్‌ది వాళ్ళ తాత నాటి తుపాకీ, గొట్టం పల్చబడింది.

"పేలిన మూడో రోజు తూచాను. తెలిసింది. ఆ మందుకు సరిపడే చిన్న చెంచా చేయించాను," అన్నాడు. "అప్పటికే పెట్టెలో చీటీ చూసి, అద్లా రెండుసార్లు పోసిందని చర్చి మెట్ల మీద ఎవరో అన్నారు. నేను కాదనలేదు."

"ఆమె కూడా కాదనలేదు."

"ఆ పెట్టె నింపిన రోజుల్లోనే వాళ్ళమ్మ పోయి ఏడాది అయింది. పనిలో ఏడుస్తూ ఉందట. తనకే అనుమానం వచ్చింది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అప్పుడు నిజం చెప్తే కార్ఖానా ఉండేది కాదు. నలభై కుటుంబాలు. నువ్వు తింటున్న తిండి కూడా అక్కడిదే."

"అద్లా పిన్ని ప్రతి శనివారం కొండెక్కుతుంది ఖవాజా."

"తెలుసు. ఈ కిటికీలోంచి కనిపిస్తుంది."

బల్ల మీది ఉత్తరం మడిచి చేతిలోకి తీసుకున్నాను. ఈ పని పోతే జహ్లే దాకా ఎక్కడా పని లేదని నాకు తెలుసు.

"ఆ వాక్యం నేను రాయను," అన్నాను. "ఈ శనివారం పిన్ని బుట్ట నేను మోస్తాను. దారి పొడుగ్గా ఉంటుంది, చెప్పడానికి సరిపోతుంది. ఆలోపు మీరే చెప్తే మంచిది."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. దారి గురించి చెప్పాను."

శనివారం పొద్దున్నే నేను వెళ్ళేసరికి అద్లా పిన్ని పెరట్లో సాజ్ కింద ద్రాక్ష పుల్లలు మండిస్తోంది. పిండిని చేతి మీద తిప్పి తిప్పి పల్చగా సాగదీస్తోంది. నేను పుల్లలు అందిస్తూ కూర్చున్నాను. నయీమ్ రాడనే అనుకున్నాను. వచ్చాడు. కోటు వేసుకుని, జోళ్ళు తుడుచుకుని, పెళ్ళికి వచ్చినట్టు.

ఆమె చేతులు తుడుచుకుని గబగబా కాఫీ కాచి తెచ్చింది. ఆయన కప్పు అందుకుని, పెదాలకు తాకించకుండా ముందున్న స్టూలు మీద పెట్టాడు. ఏదో కోరి వచ్చినవాడు ఇంటివాళ్ళు సరే అనేదాకా కాఫీ ముట్టడు. అది మా అందరికీ తెలుసు. ఆమె కప్పువైపు చూసి నవ్వింది.

"ఏంటి ఖవాజా, సంబంధం తెచ్చారా? ఆలస్యమైంది. పళ్ళు కూడా సగమే ఉన్నాయి."

"అద్లా, కూర్చో."

"రొట్టె మాడుతుంది. చెప్పండి, వింటా."

ఆయన చెప్పాడు. నాతో చెప్పినంత వివరంగా కాదు. మందు మారిందనీ, తూచకుండా పోయించాననీ అన్నాడు. రెండు చెంచాలు పడితే తూటా మూతే పడదన్నాడు. నువ్వు నింపింది సరిగ్గానే నింపావన్నాడు. "నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆమె రొట్టెను సాజ్ మీంచి తీసింది. మడిచి గుడ్డ కింద పెట్టింది. ఇంకో ముద్ద తీసుకుంది కానీ సాగదీయలేదు. అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మూడో రోజు నుంచి."

"మూడో రోజు," అంది. "మూడో రోజు నేను ఆస్పత్రి బయట నేల మీద కూర్చున్నా. మీరు కారులో వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి, 'ఏడవకు, పని పోదులే' అన్నారు. గుర్తుందా?"

"ఉంది."

"ఆ మాట కోసం మీ పిల్లల పేరున చర్చిలో ముప్ఫై ఆరేళ్ళు కొవ్వొత్తులు వెలిగించా."

నయీమ్ తల దించుకున్నాడు. ఆమె ముద్దను పిండి గిన్నెలో వేసి, మూత పెట్టి, స్టూలు మీది కప్పు తీసుకుంది. అది చల్లారిపోయి ఉంటుంది. పెరటి గోడవారన పుదీనా మొక్కల్లో ఒంపేసింది. వేరే కాఫీ పెట్టలేదు.

"పుస్తకంలో సరిగ్గా రాయిస్తాను అద్లా. నీ పేరుతో సహా."

"పుస్తకం ఎవరు చదువుతారు? నన్ను అన్నది చర్చి మెట్ల మీద. రేపు ప్రార్థన అయ్యాక అక్కడే చెప్పండి. ఇంక నడవండి, నాకు రొట్టెలు మిగిలాయి."

ఆయన వెళ్ళాక మిగిలిన ముద్దలన్నీ ఒక్క మాట లేకుండా కాల్చింది. బుట్ట సర్దింది. నేను మోస్తానంటే ఇవ్వలేదు.

కొండ మీద బుత్రోస్ వాకిట్లో ద్రాక్ష తీగలు కత్తిరిస్తున్నాడు, కొమ్మను మోచేతి కింద అదిమి పట్టుకుని. ఆమె బుట్ట దించి, నిలబడే అంతా చెప్పింది. ఆయన కత్తెర పక్కన పెట్టాడు. లోయవైపు తిరిగాడు. కింద మిల్లు పొగగొట్టం కనిపిస్తోంది.

"నీకు మొదటేడే చెప్పా కదే, నీ తప్పేం లేదని."

"నువ్వు జాలిపడి అన్నావు. తెలిసి అన్లేదు."

"అది నిజమే," అన్నాడు. "మరి ఇవాళ రొట్టెలెందుకు తెచ్చావ్?" అని అడిగాడు.

"పిండి కలిపేశా కదా."

"వచ్చే వారం?"

ఆమె మొట్టమొదటిసారి ఆయన మొండి ముంజేతిని సూటిగా చూసింది. దగ్గరికి వెళ్ళి, చొక్కా చేతిని పైకి మడిచి, అతుకుపడిన చర్మం మీద అరచెయ్యి ఆనించింది. బుత్రోస్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నేను తీగలవైపు తిరిగి నిలబడ్డాను.

ఆదివారం చర్చిలోంచి జనం బయటికొచ్చి, మెట్ల మీద ఎప్పటిలా గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. బుత్రోస్ కూడా కొండ దిగి వచ్చాడు. నయీమ్ మూడో మెట్టు మీద ఆగి టోపీ తీశాడు. మాటలు సద్దుమణిగాయి.

"ఎనభై ఆరులో బుత్రోస్ చెయ్యి పోయింది," అన్నాడు. "అది అద్లా నస్ర్ తప్పని మీరంతా అనుకున్నారు. కాదు. ఆ ఏడాది వచ్చిన మందు చెడ్డది. నాకు తెలిసి కూడా చెప్పలేదు. ఆమెనీ, బుత్రోస్‌నీ మీ ముందు క్షమించమని అడుగుతున్నాను."

ఒక ముసలాయన శిలువ గుర్తు వేసుకున్నాడు. నయీమ్ టోపీ పెట్టుకోబోయాడు.

"మందు చెడ్డది కాదు ఖవాజా," అంది అద్లా పిన్ని, పై మెట్టు మీద నిలబడి. గొంతు పెంచలేదు. "మందు మంచిదే. దేనితో పోశామో చెప్పండి."

షాహీన్ సమాధి చర్చి పక్కనే ఉంది, మెట్ల మీంచి కనిపిస్తుంది. నయీమ్ అటు చూశాడు. నలభై కుటుంబాల వాళ్ళూ ఆయన్నే చూస్తున్నారు. వాళ్ళలో సగంమంది తాతలు ఆ చెంచా పేరు చెప్పుకుని బతికారు.

"మా నాన్న చెంచాతో," అన్నాడు. "ఆ మందుకు ఆ చెంచా ఎక్కువ. తూచితే తెలిసేది. మా నాన్న చెంచా కదా అని తూచలేదు."

"నేను ఎన్ని చెంచాలు పోశాను?"

"ఒక్కటే."

"గట్టిగా చెప్పండి. వెనకున్నవాళ్ళకి వినపడలేదు."

"ఒక్కటే," అన్నాడు నయీమ్, వెనకున్నవాళ్ళకు కూడా వినపడేలా. "అద్లా ఒక్క చెంచాయే పోసింది."

ఆమె తల ఊపింది. పై మెట్టు మీంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆమెకు దారి ఇవ్వడానికి జనం రెండు వైపులా జరిగారు. ఆమె ఎవరివైపూ చూడలేదు, ఎవరి మీదా కోపంగానూ లేదు. కింది మెట్టు దగ్గర నా కోసం ఆగి, మోకాలు నొప్పి అని నా భుజం పట్టుకుంది. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది.